జిడ్డు కృష్ణమూర్తి

జిడ్డు కృష్ణమూర్తి 1895వ సంవత్సరమున మదనపల్లెలో జన్మించెను. బాల్యమున కడపలో మలేరియా జ్వరముతో బాధపడెను. 1905లో, పదేండ్ల ప్రాయముననే, తల్లిని కోల్పోయెను. పాఠములు తలకెక్కకుండుటచే ఉపాధ్యాయులు ఆ బాలుని మందబుద్ధి యని తలచి దండించెడివారు. కాని అతడు మేఘములను, పురుగులను తదేకముగ చూచుచుండెడివాడు. ఆ చూపును విద్యయే యని నాడెవ్వరును గుర్తింపరైరి.

పెద్దవాడై దేశదేశముల బోధించిన ఆయన, 1926 ప్రాంతమున మదనపల్లె చేరువ కొండల నడుమ, మహా మఱ్ఱివృక్షము గల యొక లోయను పాఠశాలకై ఎంచుకొనెను. అదియే ఋషివ్యాలీ. భయమును, పోటీని విడిచి, చెట్లను పక్షులను గమనించుచు పెరిగినచో బాలల మనస్సు స్వస్థముగ నుండునని ఆయన విశ్వాసము. అచ్చటి విద్యార్థులు సాయంకాలమున కలిసి కూర్చుండి, మౌనముగ సూర్యాస్తమయమును చూతురు. చుట్టుపట్ల పల్లెపిల్లలకును బడులు వెలసినవి.

ఆయన 1986లో మరణించెను. మందబుద్ధి యనిపించుకొన్న బాలుడు ఎందఱో బాలలకు చూచుట నేర్పెను.