గసగసాలతో విశ్వాన్ని కొలిచిన ఆర్కిమెడిస్

ఈ నెల 6వ తరగతి సైన్సులో కొలతలు మొదలయ్యాయి. 8వ తరగతి గణితంలో ఘాతాంకాలు, ప్రామాణిక రూపం నడుస్తున్నాయి. ఈ రెండు పాఠాలనూ ఒకే చిన్న పుస్తకంలో కలిపిన మనిషి పేరు మీ పిల్లలకు బాగా తెలుసు. ఆర్కిమెడిస్. స్నానాల తొట్టి, రాజుగారి కిరీటం, వీధిలో పరుగు, ఆ కథ కూడా తెలుసు. అయితే ఆ కథను ఆయన పోయిన దాదాపు రెండు వందల ఏళ్ళకు విట్రూవియస్ అనే రోమన్ రచయిత రాశారు. ఆర్కిమెడిస్ రచనల్లో మనకు దొరికిన వాటిలో అది ఎక్కడా లేదు. కాబట్టి ఈసారి తొట్టిని పక్కన పెట్టి, ఆయన తన చేత్తో చేసిన కొలతల గురించి చెప్పుకుందాం.

ఆర్కిమెడిస్ క్రీ.పూ. 287 ప్రాంతంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్‌లో పుట్టారు. అది గ్రీకుల నగరం. తండ్రి ఫిడియాస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. నగరాన్ని ఏలిన రాజు హీరాన్, ఆయన కొడుకు గెలాన్ ఇద్దరికీ ఆర్కిమెడిస్ అంటే గౌరవం. మనం చెప్పుకునే పుస్తకం గెలాన్‌ను ఉద్దేశించి రాసిందే. ఇసుక రేణువులకు లెక్కే లేదని, ఉన్నా అంత పెద్ద సంఖ్యకు పేరు పెట్టడం ఎవరి తరమూ కాదని ఆ రోజుల్లో కొందరు నమ్మేవారు. సముద్ర తీరం సంగతి అటుంచి, విశ్వమంతా ఇసుకతో నింపినా ఆ రేణువుల సంఖ్యను దాటే సంఖ్యకు పేరు పెట్టి చూపిస్తానని ఆర్కిమెడిస్ పూనుకున్నారు.

మొదటి కొలత వంటింటి వస్తువుతోనే చేశారు. నున్నటి కొలబద్ద మీద గసగసాలను ఒక్కొక్కటిగా వరుసగా పేర్చారు. 25 గింజలకే ఒక వేలి వెడల్పు దాటింది. (మన అంగుళం అనే మాటా వేలి నుంచి వచ్చిందే.) కానీ లెక్కలో ఆయన 25 వేయలేదు, 40 వేశారు. గింజను అసలు కన్నా చిన్నదిగా అనుకుంటే ఒక వేలి వెడల్పు గోళంలో ఎక్కువ గింజలు పడతాయి, ఇసుక లెక్క పెరుగుతుందే తప్ప తగ్గదు. తప్పు జరిగితే ఏ వైపు జరగాలో ముందే నిర్ణయించుకున్నారన్నమాట. వరుసలో 40 గింజలైతే గోళంలో 40 × 40 × 40, అంటే 64,000. మన పిల్లలకు మార్కులు పోయేది చాలాసార్లు ఇక్కడే: పొడవు 40 రెట్లయితే ఘనపరిమాణమూ 40 రెట్లే అనుకుంటారు. ఒక్కో గసగసాల గింజలో 10,000 కన్నా ఎక్కువ రేణువులు పట్టవని అనుకుంటే మొత్తం 64 కోట్లు. దాన్నీ పైకి సవరించి 100 కోట్లు చేసుకున్నారు.

తర్వాతి కొలత సూర్యుడు మన కంటికి ఎంత కోణంలో కనిపిస్తాడన్నది. (ఇది మాత్రం పిల్లలతో చేయించకండి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు.) ఒక పొడవాటి కర్రను నిలువు స్టాండు మీద అమర్చి, దాని మీద తరిణి పట్టిన చిన్న స్తూపాన్ని నిలబెట్టారు. సూర్యుడు అప్పుడే ఉదయించి దిగంతం మీద ఉండగా కర్రను అటు తిప్పి, ఒక కొస దగ్గర కన్ను పెట్టి, స్తూపాన్ని మెల్లగా దూరం జరిపారు. స్తూపానికి రెండు పక్కలా సూర్యుడు కొద్దిగా తొంగిచూసిన చోట ఒక గుర్తు, పూర్తిగా మరుగైన చోట ఇంకో గుర్తు. మనిషి కన్ను ఒక బిందువు కాదు, దానికీ వెడల్పు ఉంది కనుక సన్నని పుల్లల్లాంటి స్తూపాలతో దాన్నీ కొలిచి లెక్కలో కలిపారు. చివరికి ఒకే జవాబు రాయలేదు. లంబకోణంలో 164వ వంతు కన్నా తక్కువ, 200వ వంతు కన్నా ఎక్కువ అని రెండు హద్దులు ఇచ్చారు. ఈ రోజు మనకు తెలిసిన విలువ, దాదాపు అర డిగ్రీ, ఆ రెండు హద్దుల మధ్యే ఉంది.

వృత్తం విషయంలోనూ ఆయనది ఇదే పద్ధతి. 96 భుజాల బహుభుజులతో లెక్కగట్టి, పై విలువ 22/7 కన్నా తక్కువ, 223/71 కన్నా ఎక్కువ అని తేల్చారు. 22/7 ఆయనకు పై హద్దు మాత్రమే. మన పిల్లలు దాన్ని అసలు విలువగానే రాసేస్తున్నారు.

అయితే సూర్యుడు చంద్రుడికి ఎన్ని రెట్లు పెద్ద అన్నది ఆయన కొలిచింది కాదు. తండ్రి అంచనా 12 రెట్లు, అరిస్టార్కస్ అంచనా 18, 20 రెట్ల మధ్య. ఎందుకైనా మంచిదని ఆర్కిమెడిస్ 30 తీసుకున్నారు. నిజానికి సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి దాదాపు 400 రెట్లు. తాను స్వయంగా కొలిచి పెట్టిన హద్దు నిలిచింది, ఇతరుల అంచనా మీద ఆధారపడి పెట్టినది నిలవలేదు. ల్యాబ్ రికార్డులో పక్కవాడి రీడింగ్ చూసి రాసే పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పవచ్చు.

ఇక సంఖ్యలు. గ్రీకులు అక్షరాలనే అంకెలుగా వాడేవారు. సున్నా లేదు. పేరున్న సంఖ్యల్లో పెద్దది మిరియడ్, అంటే 10,000. మిరియడ్ మిరియడ్లను, అంటే 10⁸ (మన పది కోట్లు)ను, ఆర్కిమెడిస్ కొత్త ‘ఒకటి’గా తీసుకుని మళ్ళీ లెక్క మొదలుపెట్టారు. అది 10¹⁶కి చేరాక దాన్ని ఇంకో ‘ఒకటి’ అనుకున్నారు. ఇలా మెట్టు మీద మెట్టు. వరుసలోని సంఖ్యలను గుణించేటప్పుడు వాటి స్థానాలను కూడితే సరిపోతుందనీ గమనించారు. 10³ × 10⁵ = 10⁸ అని మన పిల్లలు చేస్తున్నది అదే. విశ్వాన్ని నింపే ఇసుక ఎనిమిదో మెట్టులో వెయ్యి మిరియడ్లను దాటదని తేలింది. వెయ్యి మిరియడ్లంటే మన కోటి. ఎనిమిదో మెట్టులో ‘ఒకటి’ 10⁵⁶ కనుక మొత్తం 10⁶³.

ఇంట్లో ఆవాలతో చేసి చూడండి. 21 గింజల వరుస 3.7 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. కాలిక్యులేటర్ ఒక్కో గింజకు 1.7619047 మిల్లీమీటర్లు చూపిస్తుంది. మన స్కేలుకు అంత సూక్ష్మంగా కొలిచే శక్తి లేదు. 1.8 × 10⁻³ మీటర్లు అని రాస్తే చాలు.

హీరాన్ మరణం తర్వాత సిరక్యూస్ రోమ్‌తో స్నేహం తెంచుకుంది. సేనాని మార్సెల్లస్ నగరాన్ని ముట్టడించారు. ముసలి ఆర్కిమెడిస్ చేయించిన యంత్రాలు ఓడల మీద రాళ్ళు కురిపించాయి, కొన్ని ఓడలను కొక్కేలతో పైకెత్తి పడేశాయి. అయినా క్రీ.పూ. 212లో నగరం పడిపోయింది, ఒక సైనికుడి చేతిలో ఆయన చనిపోయారు. ఎలా అన్నదానికి ప్లూటార్క్ ఒకటికి మించి కథనాలు రాశారు. ఒకదాని ప్రకారం ఆర్కిమెడిస్ తన పరికరాలను పెట్టెలో పెట్టుకుని మార్సెల్లస్ దగ్గరికి వెళుతున్నారు. సూర్యుడి పరిమాణాన్ని కంటితో కొలిచే సాధనాలూ అందులో ఉన్నాయి. పెట్టెలో బంగారం ఉందనుకుని సైనికులు చంపేశారు.

137 ఏళ్ళ తర్వాత, క్రీ.పూ. 75లో, సిసిలీలో అధికారిగా ఉన్న సిసెరో ఆ సమాధిని వెతికారు. అలాంటిదేదీ లేదని సిరక్యూస్ వాళ్ళే చెప్పారు. ముళ్ళపొదల్లో ఒక చిన్న స్తంభం, దాని మీద గోళం, స్తూపం బొమ్మ కనిపించాయి. స్తూపంలో సరిగ్గా ఇమిడే గోళం ఘనపరిమాణం ఆ స్తూపంలో మూడింట రెండు వంతులని నిరూపించింది ఆర్కిమెడిసే. ఆ బొమ్మను చూసే సిసెరో సమాధిని గుర్తుపట్టారు.