హాండెల్ ఇటలీ శిష్యరికము

క్రిస్మస్ దినములు సమీపించగనే మన పాఠశాల గాయకబృందము హల్లెలూయ గీతమును అభ్యసింప మొదలిడుట మనమందర మెరిగినదే. ఆ గీతమునకు సంగీతము కూర్చిన జార్జి ఫ్రెడరిక్ హాండెల్ ఇంగ్లీషువాడని పెక్కుమంది తలంతురు. ఇతడు పుట్టుకచే జర్మనుడు. 1727లో ఇంగ్లీషు పౌరసత్వము పొందెను. అయినను ఇతని విద్యకు మెరుగుపెట్టిన దేశము ఈ రెండును గావు, ఇటలీ. ఆ వృత్తాంతమునే మేమిచ్చట ముఖ్యముగా చెప్పబూనితిమి.

హాండెల్ 1685వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన జర్మనీలోని హాలె పట్టణమున జన్మించెను. తండ్రి క్షౌరవృత్తితోపాటు శస్త్రచికిత్సయు చేయువాడు. ఆ కాలమున ఐరోపాలో ఈ రెండు పనులును ఒక్కచేతిమీదుగనే జరిగెడివి. మన పల్లెలలోను కురుపులు కోయుట మంగలుల పనియై యుండెను గదా! అరువదియేండ్లు దాటిన పిమ్మట కలిగిన కుమారుడు న్యాయశాస్త్రము చదివి గౌరవముగా బ్రదుకవలెనని ఆ తండ్రి కోరిక. పాటలు కట్టువానికి కూడెక్కడిదని ఆయన భయము. ఈ భయము మన తండ్రులకును క్రొత్తది గాదు. ఒకనాడు ఆ ప్రాంతపు ప్రభువొకడు బాలుడు ఆర్గను వాయించుట విని, ఇట్టి బిడ్డకు సంగీతము నేర్పింపకుండుట తప్పని తండ్రికి నచ్చజెప్పెనట. తరువాత ట్సాఖౌ అను గురువు ఇతనికి వాద్యములను, స్వరరచనను క్షుణ్ణముగా నేర్పెను. 1703లో హాండెల్ హాంబర్గు నగరము చేరి, అచ్చటి నాటకశాలలో రెండవవరుస ఫిడేలు వాయించువారిలో నొకడుగా కుదిరెను. 1705లో ఇతని మొదటి సంగీతనాటకము అచ్చటనే ప్రదర్శింపబడెను.

ఇటలీకి రమ్మని మెడిచీ వంశపు రాజకుమారుడొకడు ఇతనిని హాంబర్గులో ప్రోత్సహించెనని చెప్పుదురు. ఒకరి చేతిక్రింద పడుట కిష్టములేక, హాండెల్ తాను కూడబెట్టుకొన్న సొమ్ముతోనే 1706లో బయలుదేరెను. అప్పటికి ఇటలీ యొక్క రాజ్యము గాదు. ఫ్లారెన్సు, రోము, నేపిల్సు, వెనీసు వేర్వేరు ప్రభుత్వములక్రింద నుండెను. ఈ నాలుగు నగరములును ఇతనికి నాలుగు పాఠశాలలయ్యెను.

1707వ సంవత్సరము జనవరి 14వ తేదీన ఒక సాక్సనీవాడు సెయింట్ జాన్ లాటరన్ దేవాలయమున ఆర్గను వాయించి వినువారిని విస్మయపరచెనని రోములో నొకడు తన దినచర్యలో వ్రాసికొనెను. ఆ సాక్సనీవాడు మన హాండెలే యని పండితుల నమ్మకము. నాడు రోములో పోపుగారి ఆజ్ఞచే సంగీతనాటకములు నిషేధింపబడియుండెను. అందుచేత సంగీతమంతయు కార్డినళ్ల మందిరములలోను, ప్రభువుల ఇండ్లలోను వర్ధిల్లుచుండెను. జర్మను గురువులవద్ద హాండెల్ పెక్కు స్వరములను ఒకదానితో నొకటి ముడివేయు నేర్పు గడించెను. ఆ స్వరములకు మనుష్యకంఠపు మార్దవమును, ఊపిరిని ఇచ్చుట ఇటలీలో నేర్చుకొనెను.

ఈ నేర్పు సుఖముగా రాలేదు. ఫిడేలులో నాటి ఇటలీకి పెద్దయైన కొరెల్లి ఇతని రచన నొకదానిని వాయించుచు ఒకచోట తడబడగా, ఇరువదిరెండేండ్ల హాండెల్ ఆయన చేతిలోని ఫిడేలును లాగుకొని తానే వాయించి చూపెనట. ఏబదినాలుగేండ్ల కొరెల్లి కోపపడక, ఇది ఫ్రెంచివారి పద్ధతి, నాకు తెలియదని మెల్లగా చెప్పెనట. హాండెల్ ఆ భాగమును తీసివేసి ఇటలీ పద్ధతిని తిరిగి వ్రాసెనని ఇతని తొలి జీవితచరిత్రలో నున్నది. ఫిడేలు లాగుకొనుట మేము మెచ్చజాలము. తిరిగి వ్రాసిన చేతికి మాత్రము నమస్కరింపవలెను. మరుసటియేడు, 1708 ఈస్టరునాడు, రుస్పోలి ప్రభువు మందిరమున క్రీస్తు పునరుత్థానమునుగూర్చిన ఇతని రచన పాడబడినప్పుడు వాద్యబృందమును నడపినవాడు ఆ కొరెల్లియే.

మరియొక చిక్కు మతమునకు సంబంధించినది. హాండెల్ లూథరు సంఘమువాడు. ఇతనిని పోషించినవారో కతోలిక కార్డినళ్లు. వారి ఆరాధనకొరకు ఇతడు లాటిను కీర్తనలకు సంగీతము వ్రాసెను. 110వ కీర్తనకు 1707లో కూర్చినది నేటికిని గాయకులు కష్టపడి సాధించు రచనలలో నొకటి. వారిలో నొకరు మతము మార్చుకొమ్మని అడుగగా, ఇట్టి విషయములను విచారించు పాండిత్యము తనకు లేదనియు, తాను పుట్టిన సంఘములోనే యుందుననియు హాండెల్ బదులు చెప్పెనట. వారును ఆ మాటకు ఇతనిని దూరముచేయలేదు. అన్నము పెట్టువారియింట కాదనుట సులభము గాదు. కాదనిన అతిథిని ఆదరించుట అంతకంటెను కష్టము.

నేపిల్సులో కొన్ని నెలలు గడిపి, 1709 డిసెంబరులో వెనీసు నాటకశాలకు అగ్రిప్పీన యను నాటకము నిచ్చెను. అది ఇరువదియేడు రాత్రులు నడచెనని ప్రతీతి. పిమ్మట ఇతడు జర్మనీకిని, అచ్చటినుండి లండనుకును పోయెను. లండనులో 1711 మొదలు ముప్పదియేండ్లు ఇటలీభాషలోనే నాటకములు వ్రాసెను. మొదట కీర్తి, తరువాత నష్టము. 1737లో కుడిచేతికి పక్షవాతము. 1741లో చివరి నాటకమును మూడురాత్రులకు మించి ఆడలేదు.

ఆ సంవత్సరమే ఆగస్టు 22వ తేదీన మొదలిడి, ఇరువదినాలుగు దినములలో ఇతడు మెస్సీయను వ్రాసెను. మాటలు బైబిలులోనివి, ఏర్చి కూర్చినవాడు చార్లెసు జెనెన్సు. రాగములలో కొన్ని మాత్రము ఇటలీవి. ఒక నెల ముందు హాండెల్ ఇద్దరు గాయకులకొరకు ఇటలీభాషలో వ్రాసిన యుగళగీతమొకటి కలదు. గుడ్డిప్రేమను ఇక నమ్మనని నిష్ఠురమాడు పాట యది. ఆ స్వరములే మెస్సీయలో మనకు శిశువు పుట్టెనను వచనమునకు వచ్చి చేరినవి. దీనిని తప్పుపట్టువారు లేకపోలేదు. మాకు మాత్రము వినునప్పుడు ఆ సంతోషము ఎరువు తెచ్చినదిగా తోచదు.

రోమునగరమునకు క్రిస్మస్‌కు ముందు కొండలనుండి గొల్లలు దిగివచ్చి, మన తిత్తిని, సన్నాయిని బోలు వాద్యములను కన్యమరియ పటములయెదుట వాయించుట పూర్వాచారము. వారి పేరునకు సంబంధించిన పీఫా యను పదమును హాండెల్ మెస్సీయలో గొల్లల ఘట్టమునకు ముందు వచ్చు వాద్యభాగము తలపై వ్రాసెను. యౌవనమున రోములో విన్న ఆ ధ్వని ముప్పదియేండ్లకు పైగా ఇతని చెవిలో నిలిచియుండెనని మేము నమ్ముచున్నాము.

మెస్సీయ 1742వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన డబ్లినులో మొదట పాడబడెను. స్థలము చాలదని స్త్రీలను వలయపు లంగాలు లేకుండను, పురుషులను కత్తులు లేకుండను రమ్మని ముందుగా ప్రకటించిరి. సుమారు ఏడువందలమంది వచ్చిరి. దాదాపు నన్నూరు పౌనులు వసూలుకాగా, రెండు వైద్యశాలలకు పంచగా మిగిలిన భాగముతో అప్పులక్రింద చెరలోనున్న 142 మంది విడిపింపబడిరి.

1750 మొదలు హాండెల్ దానిని లండనులో దిక్కులేని శిశువుల ఆశ్రమముకొరకు నడపించుచు వచ్చెను. కొలది యేండ్లలోనే రెండు కన్నులును పోయెను. 1759 ఏప్రిల్ 6వ తేదీన మెస్సీయను కడపటిసారి వినెను. 14వ తేదీన మరణించెను. వెస్ట్‌మినిస్టరు దేవాలయమున ఇతనిని సమాధిచేసిరి. మరణశాసనములో ఆ అనాథశిశువుల ఆశ్రమమునకు మెస్సీయ ప్రతి యొకటి వ్రాయించి ఇచ్చెను.