ఫ్రాంక్ సాలిస్‌బరీ

ఫ్రాంక్ ఓవెన్ సాలిస్‌బరీ (డిసెంబరు 18, 1874 - ఆగష్టు 31, 1962) సుప్రసిద్ధ ఆంగ్ల చిత్రకారుడు. బ్రిటిషు రాజకుటుంబీకుల, అమెరికా అధ్యక్షుల రూపచిత్రాలు గీసి పేరు పొందాడు. తెలంగాణలోని మెదక్ చర్చిలో ఉన్న మూడు రంగుటద్దాల కిటికీలకు రూపకల్పన చేసినది ఇతడే.

బాల్యము, శిక్షణ

సాలిస్‌బరీ ఇంగ్లండులోని హార్పెండెన్ అనే ఊరిలో పదకొండుమంది సంతానము గల కుటుంబంలో జన్మించాడు. తండ్రి హెన్రీ కిటికీలకు అద్దాలు బిగించడం, గొట్టాలు అమర్చడం, ఇళ్ళకు రంగులు వేయడం వంటి పనులతో జీవనం సాగించేవాడు. బాల్యంలో ఆరోగ్యం సరిగా లేనందున సాలిస్‌బరీ చదువు చాలావరకు ఇంటివద్దనే సాగింది. 15 ఏళ్ళ వయసులో, సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో అన్న నిర్వహిస్తున్న రంగుటద్దాల కర్మాగారంలో పని నేర్చుకోవడానికి చేరాడు. గాజుపై రంగులు వేసే విద్యను అక్కడే అభ్యసించాడు. తరువాత అన్న సహాయంతో లండనులోని హీథర్లీ చిత్రకళా పాఠశాలలోను, ఉపకారవేతనంపై రాయల్ అకాడమీ పాఠశాలలోను చదివాడు. 1896లో ఇటలీ వెళ్ళి అక్కడి చిత్రాలను అధ్యయనం చేశాడు.

చిత్రకారునిగా

1899 నుండి ఇతని చిత్రాలు రాయల్ అకాడమీ ప్రదర్శనలలో చోటు పొందాయి. అయినను అకాడమీ సభ్యత్వం మాత్రం ఎన్నడూ లభించలేదు. 1935 నాటి ఐదవ జార్జి రజతోత్సవ ప్రార్థనలను, 1937 నాటి ఆరవ జార్జి పట్టాభిషేకాన్ని పెద్ద చిత్రాలుగా గీశాడు. విన్‌స్టన్ చర్చిల్ రూపచిత్రాలను పలుమార్లు గీశాడు. ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు, హ్యారీ ట్రూమన్ ఇతడు చిత్రించిన అమెరికా అధ్యక్షులలో ఉన్నారు. ఆధునిక చిత్రకళా ధోరణులు ఇతనికి రుచించలేదు. ఆ ధోరణులను ఆదరించిన విమర్శకులు ఇతని చిత్రాలను అంతగా పట్టించుకోలేదు.

మెదక్ చర్చి కిటికీలు

సాలిస్‌బరీ జీవితాంతం మెథడిస్టు శాఖకు చెందిన భక్తుడు. మెదక్ చర్చిని నిర్మించిన ఛార్లెస్ వాకర్ పోస్నెట్ కూడా అదే సంప్రదాయానికి చెందిన మతప్రచారకుడు. కరవు పీడిత ప్రజలకు పని, ఆహారం కల్పిస్తూ 1914లో మొదలైన ఈ నిర్మాణం పూర్తయి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. బలిపీఠం వెనుక ఉన్న క్రీస్తు ఆరోహణ కిటికీని 1927లో అమర్చారు. ఇరుపక్కల ఉన్న కిటికీలలో క్రీస్తు జననాన్ని చూపేది 1947 నాటిది, సిలువ ఘట్టాన్ని చూపేది 1958 నాటిది. చివరి కిటికీ నాటికి సాలిస్‌బరీ వయసు 83 ఏళ్ళు.

ఈ బొమ్మలు పగటిపూట చర్చి లోపలినుండి చూసినప్పుడే కనిపిస్తాయి. బయట సూర్యరశ్మి ఉండాలి. సూర్యాస్తమయం తరువాత అద్దాలు నల్లగా మారిపోతాయి.

కిటికీల పరిరక్షణ

కాన్వాసుపై గీసిన రూపచిత్రాన్ని ఎండ తగలని గదిలో భద్రపరచవచ్చు. రంగుటద్దాల కిటికీకి ఆ వీలు లేదు. ఎండకు ఎదురుగా ఉంటేనే అది చిత్రమవుతుంది, ఆ ఎండే దానికి ముప్పు కూడా. అద్దపు ముక్కలను కలిపి ఉంచేవి సీసపు పట్టీలు. వేడికి సీసం గాజుకంటె ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే పట్టీలు అలసి, అతుకుల వద్ద చీలి, పలక ఉబ్బుతుంది. ఆధారంగా ఉన్న ఇనుప కడ్డీలకు తుప్పు పడితే అవి ఉబ్బి రాతిని, గాజును పగులగొడతాయి. ముఖరేఖలు, వస్త్రపు మడతలు గాజుపై గీసి బట్టీలో కాల్చిన రంగుతో ఏర్పడినవి. బట్టీలో సరిగా కాలని రంగు తేమకు రాలిపోతుంది. గట్టిగా తోమినా, ఆమ్లంతో కడిగినా ఆ గీతలు పోతాయి.

అందుచేత నిపుణులు మొదట ప్రతి పలకను ఫొటో తీసి నమోదు చేస్తారు. ఖనిజాలు తొలగించిన నీటితో తడిపిన దూదితో మురికిని మెల్లగా తీస్తారు. పగిలిన ముక్కను మార్చక, అంచులను జిగురుతో అతుకుతారు. ముక్క పూర్తిగా పోయినచోట మాత్రమే కొత్తది అమర్చి, అది కొత్తదని తెలిసేలా గుర్తు పెడతారు. వర్షం తగలకుండా బయటివైపు, గాలి ఆడేలా సందు వదిలి, మరొక అద్దం బిగిస్తారు. ఇంగ్లండులోని యార్క్ మిన్‌స్టర్ తూర్పు కిటికీలోని 311 పలకలను ఈ పద్ధతులలోనే బాగుచేసి, 2018లో పని ముగించారు. మెదక్ కిటికీలలో మొదటిదానికి 2027లో నూరేళ్ళు నిండుతాయి.

మరణము

సాలిస్‌బరీ 1962 ఆగష్టు 31న లండనులోని తన స్వగృహం సారమ్ ఛేజ్‌లో మరణించాడు. ఇతడు గీసిన పాలకుల చిత్రాలు బ్రిటను, అమెరికాలలోని భవనాలలోను, సంగ్రహాలలోను ఉన్నాయి. మెదక్‌లోని మూడు కిటికీలను క్రిస్మసు, గుడ్ ఫ్రైడే రోజులలో వేలాదిమంది భక్తులు దర్శిస్తారు.