ఫోలిక్ ఆమ్లం వెనుక తెలుగు మేధ - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

గర్భిణులకు ఆరోగ్య ఉపకేంద్రాలలో ఉచితంగా ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలో రెండు పోషకాలుంటాయి. ఒకటి 60 మిల్లీగ్రాముల ఇనుము, అది ఖనిజం. రెండవది 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, అది బి వర్గపు విటమిన్. ఆ రెండవదాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించినది భీమవరంలో జన్మించిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న జన్మించిన సుబ్బారావు బాల్యం పేదరికంలో గడిచింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్స తరగతులకు హాజరు కావడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన సోదరులిద్దరూ స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో కొద్ది రోజుల వ్యవధిలోనే మరణించారు. ఆహారంలోని పోషకాలను పేగులు గ్రహించలేక రోగి నానాటికీ క్షీణించే ఆ వ్యాధికి అప్పట్లో సరైన మందు లేదు.

మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను, మామగారి ఆర్థిక తోడ్పాటుతోను సుబ్బారావు అమెరికా చేరుకున్నారు. బోస్టన్‌లో ఆసుపత్రిలో చిన్న పని చేసుకుంటూ చదువు సాగించారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. శరీరంలోని భాస్వరంలో అత్యధిక భాగం ఎముకలలో, దంతాలలో ఉంటుంది. మిగిలిన కొద్ది భాగం చేసే పని ఏమిటో ఈ కొలత వల్లనే బయటపడింది. కండరాలలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ప్రాణుల శక్తికి ఆధారమైన ఏ.టి.పి.ని 1929లో వారు వెల్లడించారు. ఏ.టి.పి.ని జర్మనీలో లోమన్ కూడా అదే కాలంలో స్వతంత్రంగా కనుగొన్నారు. ఇంతటి కృషి చేసినా సుబ్బారావుకు హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు.

1940లో ఆయన లెడర్లే పరిశోధనశాలలో చేరారు. ఆకుకూరలలో, కాలేయంలో ఉండే ఒక పదార్థం రక్తహీనతను తగ్గిస్తుందని అప్పటికే తెలుసు. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణుల రక్తహీనతపై లూసీ విల్స్ జరిపిన అధ్యయనం ఇందుకు దారి చూపింది. అయితే కాలేయం నుంచి లభించేది అతి స్వల్పం. సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయడంతో ఆ కొరత తీరింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా అది మందయింది.

కణ విభజనకు ఫోలిక్ ఆమ్లం అత్యవసరం. అందుకే గర్భధారణ తొలి వారాలలో అది లోపిస్తే శిశువు వెన్నుపాము, మెదడు ఏర్పడడంలో లోపాలు తలెత్తే ప్రమాదముంది. ఒక హెచ్చరిక కూడా ఇక్కడ అవసరం. బి12 విటమిన్ లోపించిన వారికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం మెరుగుపడుతుంది గాని నరాల క్షీణత ఆగదు.

ఇదే విటమిన్‌కు వ్యతిరేకంగా పనిచేసే అమైనోప్టెరిన్‌ను కూడా సుబ్బారావు బృందమే తయారు చేసింది. రక్త కేన్సర్ సోకిన 16 మంది బాలలకు సిడ్నీ ఫార్బర్ దాన్ని ఇవ్వగా 10 మందిలో తాత్కాలిక ఉపశమనం కనిపించింది. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ ఆ కోవలోనిదే. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన పర్యవేక్షణలోని పరిశోధనల నుంచి వచ్చినవే.

1948 ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. కోబాల్టు ఖనిజం కేంద్రంగా గల బి12 విటమిన్‌ను శాస్త్రజ్ఞులు శుద్ధ రూపంలో వేరు చేసినది కూడా ఆ ఏడాదే. అమెరికా వెళ్లిన తర్వాత ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. అమెరికా పౌరసత్వమూ స్వీకరించలేదు. ఆయన శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ 1995లో స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది.