పండిత రమాబాయి: పెత్తనం నేర్పిన తల్లి

శతవార్షికోత్సవ సంచికకు ఒక భక్తురాలి జీవిత చరిత్ర వ్రాసి పంపవలసినదిగా సంపాదక సంఘంవారు కోరినప్పుడు, మా స్త్రీల సమాజంలో ఎక్కువమంది నోట వచ్చిన పేరు పండిత రమాబాయి గారిది. తెల్లచీర, కత్తిరించిన జుట్టు, గంభీరమైన ముఖము గల ఆమె పటము మనలో చాలామందికి తెలిసినదే. కరవులో అనాథలను చేరదీసిన దయగల తల్లి అని సండేస్కూలులో చెప్పుకొన్నాము. అది నిజమే. కాని అంతటితో ఊరకుంటే సగమే చెప్పినట్లు. ఆమె స్త్రీలకు అన్నము పెట్టడముతో ఆగలేదు. పని నేర్పారు, నేర్పిన పని మీద పెత్తనము కూడా వారికే అప్పగించారు. పెత్తనము అనే మాటను మన సంఘాలలో స్త్రీలను గురించి మెచ్చుకోలుగా వాడరు. మేము తెలిసే వాడుతున్నాము.

రమాబాయి గారు 1858 ఏప్రిల్ 23న, నేటి కర్ణాటక రాష్ట్రములోని పడమటి కనుమలలో, గంగామూల అనే అడవి ప్రదేశములో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆడువారికి సంస్కృతము నేర్పరాదన్న కాలములో ఆయన తన భార్య లక్ష్మీబాయికి నేర్పారు. పెద్దలు ఆక్షేపిస్తే శాస్త్రాల నుండే సమాధానము చెప్పారు. ఆ తల్లి తెల్లవారుజామున కూతురిని లేపి, ఇంటిపని మొదలు కాకముందే పాఠము చెప్పేది. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ పిల్లకు వేలకొలది శ్లోకాలు కంఠతా వచ్చినవి. తల్లి చేసిన పనిని కూతురు తరువాత కొన్ని వందలమందికి చేసినది.

కుటుంబము పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పురాణ పఠనముతో జీవించేది. మద్రాసు రాజధానిలో కరవు వచ్చిన రోజులలో, 1874 మొదలుకొని స్వల్పకాలములోనే తండ్రి, తల్లి, అక్క ఒకరి తరువాత ఒకరు గతించారు. రమాబాయి, అన్న శ్రీనివాసశాస్త్రి కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఈ ఇరవై యేండ్ల యువతిని పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న కూడా మరణించాడు. అదే సంవత్సరము ఆమె తన కులము కాని బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును వివాహమాడారు. రెండేండ్లు నిండకుండానే ఆయన కలరాతో పోయారు. పసిబిడ్డ మనోరమతో రమాబాయి విధవగా మిగిలారు.

వితంతువు మూల కూర్చోవలసిన రోజులవి. మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరులోనే. ఆ మరుసటి సంవత్సరమే రమాబాయి పూనా వెళ్లి ఆర్య మహిళా సమాజము స్థాపించారు. స్త్రీలు తమ స్థితిని గూర్చి తామే కూడి మాట్లాడుకొనుట దాని ఉద్దేశము. అదే 1882లో ప్రభుత్వ విద్యా సంఘము పూనా వచ్చినది. దాని అధ్యక్షుడు హంటరు దొరగారి యెదుట ఆమె మరాఠీలో సాక్ష్యమిచ్చారు. ఆడపిల్లలకు బడులు పెట్టండి అని మాత్రమే ఆమె అడగలేదు. ఉపాధ్యాయినులకు ముందు సరియైన తర్ఫీదు ఇవ్వాలన్నారు. వారికి మగ ఉపాధ్యాయులకన్న ఎక్కువ జీతము ఇవ్వాలన్నారు. బాలికల పాఠశాలలను తనిఖీ చేయడానికి స్త్రీలనే నియమించాలన్నారు. స్త్రీలకు వైద్యకళాశాలల తలుపులు తెరవాలన్నారు. భర్తను పోగొట్టుకొని ఏడాది తిరుగని ఇరవై నాలుగేండ్ల విధవ ఈ మాటలు చెప్పినదని మా సమాజ కూటములో చదివినప్పుడు, బడిపంతులమ్మలుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న సోదరీలు కొందరు జీతము సంగతి మరల చదివించుకొన్నారు.

తాను వైద్యము నేర్చుకోవాలని 1883లో ఇంగ్లండు వెళ్లారు. చెవుడు వచ్చినందున ఆ కోరిక నెరవేరలేదు. వాంటేజిలో కన్యాస్త్రీల మఠములో ఉండి, పతితలైన స్త్రీలను ఆ సోదరీలు ఆదరించే తీరు చూచి కదలిపోయారు. ఆ సంవత్సరము సెప్టెంబరు 29న బాప్తిస్మము పొందారు. చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో సంస్కృతము నేర్పుతూ తాను చదువుకొన్నారు.

ఇక్కడ మన సంఘ చరిత్రలో ఒక చిక్కు ఘట్టమున్నది. పండుగ సంచిక గదా అని దాటవేయుట మాకు ఇష్టము లేదు. రమాబాయి మగ విద్యార్థులకు కూడా పాఠము చెప్పే అవకాశము వచ్చినప్పుడు మన దేశములోని బిషప్పులు అభ్యంతరము చెప్పారు. స్త్రీ పురుషులకు బోధించినచో స్వదేశములో ఆమె సాక్ష్యము చెడునని వారి భయము. పండితుల సభలలో పురుషుల యెదుటనే ప్రసంగించి బిరుదులు పొందిన స్త్రీకి ఈ మాట ఎంత వింతగా తోచి ఉంటుందో ఊహించవచ్చును. ఆమె వినయముగానే, కాని గట్టిగా ప్రతివాదము చేశారు. తనకొక మనస్సాక్షి ఉన్నదనీ, దానిని గురువులకు గాని మఠానికి గాని అప్పగించలేననీ ఆమె వాదము. మాంసము ముట్టలేదు, చీర మానలేదు. లాటిను అక్షరాలున్న సిలువను ధరించుమంటే, తన దేశపు స్త్రీలకు అర్థము కాని భాష తన మెడలో ఎందుకని సంస్కృతమును కోరారు. పెంచిన సోదరీలు కొందరు దీనిని గర్వమనుకొన్నారు. గర్వమే అయి ఉండవచ్చును. అది లేనిచో తరువాతి పని జరిగేది కాదని మా అభిప్రాయము. దక్షిణ ఇండియా సంఘములో స్త్రీలకు గురుత్వాభిషేకము 1976లో మొదలైనది. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలిత గారు బిషప్పుగా అభిషిక్తులైనారు. రమాబాయి వాదము నాటికీ దానికీ మధ్య సుమారు నూట ముప్పది యేండ్లు.

1886లో డాక్టరు ఆనందీబాయి జోషి పట్టప్రదానము చూడడానికి అమెరికా వెళ్లిన రమాబాయి రెండేండ్లకు పైగా అక్కడే ఉండిపోయారు. అక్కడ కిండర్‌గార్టెన్ విద్య నేర్చుకొన్నారు. అన్నిటికన్న ముఖ్యముగా, స్త్రీలు తమ సంఘాలను తామే నడుపుకొనుట కళ్లారా చూచారు. ఆడవారే సభకు అధ్యక్షత వహించుట, చందా వసూలు చేయుట, లెక్కలు వ్రాయుట, తీర్మానాలు చేయుట. ఫ్రాన్సిస్ విల్లార్డ్ గారి మద్యపాన నిరోధక సమాజములో ఇదంతా గమనించారు. 1888లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ స్త్రీల మహాసభలో పాల్గొన్నారు. 1887లో అచ్చయిన ఆమె ఆంగ్ల గ్రంథము అగ్రకుల హిందూ స్త్రీల దుస్థితిని లోకానికి తెలియజేసినది. పదేండ్లు సహాయము చేస్తామని బోస్టనులో ఆమె పేర ఒక సంఘము ఏర్పడినది.

1889 మార్చి 11న బొంబాయిలో శారదాసదనము తెరిచారు. మొదట చేరినవారు ఇద్దరే విద్యార్థినులు. వారిలో ఒకరైన గోదూబాయి అనే బాలవితంతువును తరువాత 1893లో ధోండో కేశవ కర్వే గారు వివాహమాడారు. ఆ కర్వే గారే 1896లో వితంతువుల ఆశ్రమము, 1916లో మహిళా విశ్వవిద్యాలయము స్థాపించారు. ఆర్య మహిళా సమాజములో రమాబాయితో కలిసి పనిచేసిన రమాబాయి రనడే గారు 1909లో పూనాలో సేవాసదనమునకు నాయకత్వము వహించారు. ఈ ఇద్దరు సోదరీలు క్రైస్తవులు కారు. ఒక దీపముతో వెలిగించిన మరి రెండు దీపాలు వేరే యిండ్లలో వెలిగినవి, అందులో మనము చిన్నబుచ్చుకోవలసినది లేదు. 1889 డిసెంబరులో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు ప్రతినిధులుగా వచ్చిన కొద్దిమంది స్త్రీలలో రమాబాయి కూడా ఉన్నారు.

సదనము పూనాకు మారిన తరువాత 1893లో పెద్ద తుఫాను వచ్చినది. మత బోధ చేయబోనని మాట ఇచ్చి తెరిచిన ఇల్లు అది. ఆమె తన గది తలుపు తెరిచి ప్రార్థించుకొంటే కొందరు పిల్లలు వచ్చి కూర్చొనేవారు. రనడే, భండార్కరు మొదలైన పెద్దలు సలహాసంఘము నుండి తప్పుకొన్నారు. సుమారు పాతికమంది పిల్లలను ఇంటివారు తీసుకొనిపోయారు. పత్రికలు దుమ్మెత్తిపోసినవి. ఆమె తలుపు మూయలేదు. మేము క్రైస్తవులము గనుక ఆమె వైపే మాట్లాడుట సులభము. అయితే నమ్మి పిల్లను పంపిన తండ్రి బాధ కూడా నిజమైనదే.

1896 చివర మధ్యపరగణాలలో కరవు వచ్చినప్పుడు ఆమెకు తన బాల్యము జ్ఞాపకము వచ్చినది. స్వయముగా పోయి వందలకొలది ఆడపిల్లలను తెచ్చారు. పూనాకు ముప్పది మైళ్లకు పైగా దూరమున కేడ్‌గాం వద్ద కొన్న పొలమే ముక్తి అయినది. 1900 నాటి గుజరాతు కరవు తరువాత అక్కడ ఉన్నవారు దాదాపు రెండువేలమంది. అంతమందిని ఎవరు చూడాలి? దొరసానులు కొందరు సహాయానికి వచ్చిన మాట నిజమే. కాని రోజువారీ పని నడిపినవారు మునుపు చేరిన పిల్లలే. పెద్దపిల్లకు కొందరు చిన్నపిల్లలను అప్పగించేవారు. వారి తిండి, స్నానము, చదువు, జబ్బు అన్నీ ఆమె పూచీ. నేత, పాలపని, నూనెగానుగ, వ్యవసాయము, రొట్టెల కార్ఖానా, ఒక్కొక్క విభాగములో పని నేర్చినవారే నేర్పేవారైనారు. ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, బైబిలు స్త్రీలుగా తర్ఫీదు పొందినవారు ఊళ్లకు వెళ్లారు. మనోరమ అమెరికాలో నేర్చి వచ్చిన బ్రెయిలు లిపితో అంధ బాలికలు చదివారు.

అన్నిటికన్న మమ్మును ఆపివేసేది అచ్చుకూటము సంగతి. మరాఠీ బైబిలు పల్లె స్త్రీకి అర్థము కావడము లేదని, నడివయస్సు దాటిన తరువాత హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకొని రమాబాయి బైబిలు అంతటినీ సులభమైన మరాఠీలోనికి మార్చారు. టైపు కూర్చినవారు, యంత్రము త్రిప్పినవారు, కుట్టి బైండు చేసినవారు అందరూ ముక్తిలోని స్త్రీలే. కరవులో అక్షరము ముఖము చూడక వచ్చిన పిల్లలు వారు.

తన తరువాత పనిని మనోరమ చూచుకొనునని ఆమె ఆశ. నాటి నిజాం రాజ్యములోని గుల్బర్గాలో బాలికల పాఠశాల తెరిపించి నడిపినదీ మనోరమయే. కాని 1921 జులైలో కుమార్తె తల్లికన్న ముందే ప్రభువును చేరుకొన్నది. అప్పటికి తర్జుమా పని పూర్తి కాలేదు. రమాబాయి మరల బల్ల యొద్ద కూర్చొన్నారు. చివరి ప్రూఫులు దిద్దిన కొద్దిరోజులకే 1922 ఏప్రిల్ 5న నిద్రలోనే కన్నుమూశారు. మిగిలిన ఫారములను ఆ స్త్రీలే అచ్చువేశారు.