లక్క పళ్లెమున నిలిచిన గళము

విద్యార్థులారా! పాత గ్రామఫోను రికార్డులను సేకరించువారు నేటికిని కొందరు గలరు. వారు రికార్డును వెలుతురున వంచి గీతలను చూతురు. అంచున బీట యున్నదేమోయని వ్రేలితో తడుముదురు. నడుమ నున్న కాగితపు బిళ్లను పరికింతురు. పిమ్మట ఉత్తమము, మధ్యమము, అధమమని తరగతి నిర్ణయింతురు. అట్టివారు మిక్కిలి ఆదరించువానిలో గౌహర్‌జాన్ పాడిన రికార్డులు ముఖ్యములు. ఆమె చరిత్రమును సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఆమె 1873లో ఆజంగఢ్‌న జన్మించెను. తొలిపేరు ఏంజెలీనా. తండ్రి ఆర్మీనియా జాతీయుడు. ఆమె ఆరేండ్ల ప్రాయమున తలిదండ్రులు విడిపోయిరి. తల్లి ఇస్లాము మతమును స్వీకరించి మలకాజాన్ అను పేర గాయనిగా ప్రసిద్ధి గాంచెను. కుమార్తె గౌహర్‌జాన్ అయ్యెను. కొంతకాలము కాశీలో నుండి, 1883 ప్రాంతమున వారు కలకత్తా చేరిరి. గౌహర్ సంగీత నృత్యములను గురుముఖమున అభ్యసించి, 1887లో దర్భంగా సంస్థానమున తొలి కచేరి చేసెను.

1902 నవంబరులో లండను గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి ఆమె పాటలను రికార్డు చేసెను. నాడు మైక్రోఫోను లేదు. పెద్ద బాకాలోనికి బిగ్గరగా పాడవలెను. ఆ నాదమునకు కదలిన సూది మైనపు పలకపై గాడి గీయును. వ్యవధి సుమారు మూడు నిమిషములే. గంటలకొలది విస్తరించు రాగమును అంతలో నిముడ్చుట అల్పకార్యము కాదు. పెక్కురు విద్వాంసులు యంత్రమును శంకించి దూరముగా నుండగా, గౌహర్ ఆ నేర్పును సాధించెను. ఆ పలకలు జర్మనీలోని హానోవరునకు పోయి లక్క రికార్డులై తిరిగివచ్చెడివి. అచ్చటి పనివారు గుర్తించుటకై ఆమె పాట చివర ఇంగ్లీషున తన పేరు చెప్పెడిది. పాత రికార్డులలో ఆ పలుకు నేటికిని వినవచ్చును.

ఆమె పెక్కు భాషలలో పాడెను. 1911లో ఢిల్లీ దర్బారున జానకీబాయితో కూడి గానము చేసెను. అపారముగా గడించిన ధనము వ్యాజ్యములలో కరిగిపోయెను. 1928లో మైసూరు సంస్థానమున ఆస్థాన గాయనియై, 1930 జనవరి 17న ఆ నగరముననే కన్నుమూసెను.

సిరి పోయెను, గళము నిలిచెను. మన యిండ్లలో అవ్వలు పాడు తెలుగు పాటలలో రికార్డు కెక్కనివి ఎన్నియో కలవు. పొరుగు భాషల నడుమ పెరుగు మనము వానిని నేర్వనిచో అవి వారితోనే పోవును. కావున ఈ సెలవులలో ఒక్కొక్కరు ఒక పాటనైనను విని, నేర్చి, పాడినవారి పేరుతో వ్రాసి తెండు. చక్కగా చదివి భద్రపరచు భారము మాది.