బాత్‌రూములో దొరికిన ప్రతిధ్వని: బిల్ పుట్నం

హాస్టల్ బాత్‌రూములో పాడితే ఎవరి గొంతయినా బాగానే ఉంటుంది. నవ్వుకుని వదిలేస్తాం. ఆ సంగతిని నవ్వుకుని వదిలేయని మనిషి బిల్ పుట్నం.

ఆయన 1920లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో, డాన్‌విల్‌లో జన్మించారు. చిన్నప్పటి నుంచీ రేడియోలంటే పిచ్చి. 1946లో యూనివర్సల్ రికార్డింగ్ అనే స్టూడియో స్థాపించి, త్వరలోనే దాన్ని చికాగోకు మార్చారు. 1947లో హార్మోనికాట్స్ బృందం ‘పెగ్ ఓ మై హార్ట్’ వాయించినప్పుడు, భవనంలోని బాత్‌రూమునే ప్రతిధ్వని గదిగా వాడుకున్నారు. అక్కడ మోగిన ప్రతిధ్వనిని మైకుతో పట్టి అసలు పాటలో కలిపారు. రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

1957లో హాలీవుడ్ చేరారు. ఫ్రాంక్ సినాట్రా వంటివారి పాటలు రికార్డు చేశారు. మార్కెట్లో దొరకని పరికరాన్ని తానే తయారు చేసుకోవడం ఆయన అలవాటు. అలా 1967లో వచ్చిందే 1176 లిమిటర్. గాయకుడు ఒక్కసారిగా గొంతు పెంచితే, సెకనులో 50,000వ వంతులోనే స్పందించి ధ్వనిని అదుపులో పెట్టగలదు. వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్ వాడటమే అందులో విశేషం.

1989లో పుట్నం కన్నుమూశారు. 1999లో కుమారులు యూనివర్సల్ ఆడియో సంస్థను పునరుద్ధరించారు. తండ్రి పరికరాలు మళ్ళీ తయారయ్యాయి. తర్వాత కంప్యూటర్లో ప్లగిన్‌లుగానూ వచ్చాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. గది ప్రతిధ్వనిని ఒకసారి శాంపిల్‌గా పట్టుకుంటే చాలు, కంప్యూటరు దాన్ని ఏ పాటకైనా అద్దగలదు. లిమిటర్ అలా లొంగదు. మెల్లగా పాడితే ఒకలా, గట్టిగా పాడితే మరోలా ప్రవర్తిస్తుంది. అందుకని అనేక స్థాయిల్లో శాంపిల్స్ తీయాలి. లేదా సర్క్యూట్ మొత్తాన్ని గణిత సమీకరణాలుగా రాసుకోవాలి. పుట్నం కుమారుల సంస్థ పట్టింది ఈ రెండో దారి.

ఒకనాడు పెద్ద స్టూడియోలకే అందిన ఆ పెట్టె ఇప్పుడు మన హాస్టల్ గదిలోని లాప్‌టాప్‌లో ఉంది. పేరున్నది కదా అని ప్రతి పాటకూ దాన్ని తగిలించేస్తున్నాం. పుట్నం అలా చేయలేదు. ముందు పాటకేం కొరతో విన్నారు, తర్వాతే పరికరం కోసం వెతికారు. దొరక్కపోతే తయారు చేశారు. పెట్టె స్వభావాన్ని శాంపిల్ తీయవచ్చు. ఆ వినడం మాత్రం ఎవరికి వారు నేర్చుకోవలసిందే, మిత్రులారా!